కోల్డ్ రూమ్ కొనేముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బెంగళూరు, చెన్నైల్లో మెస్‌లు, కర్రీ పాయింట్లు, పిండి వ్యాపారాలు నడుపుతున్న మన పాఠకులు వాక్-ఇన్ కోల్డ్ రూమ్‌ల గురించి పంపిన ప్రశ్నలివి. చాలా ఉత్తరాల్లో మొదటి మాట ‘ఎన్ని అడుగులది తీసుకోవాలి?’ అనే. అమ్మేవాళ్ళు అడుగుల లెక్కనే ధర చెబుతారు కాబట్టి అలా అడగడం సహజం. కానీ గది పనికొస్తుందా లేదా అన్నది దాన్లోకి రోజూ ఎన్ని కిలోలు వెళ్తాయి, ఎంత వేడిమీద వెళ్తాయి, ఎంతసేపట్లో చల్లబడాలి అన్నదాని మీద ఉంటుంది. అందుకని జవాబులన్నీ సరుకు దగ్గర్నుంచే మొదలుపెట్టాం.

ప్రశ్న: మారతహళ్ళిలో ఆంధ్రా మెస్ నడుపుతున్నాం. పూటకు 300 భోజనాలు పోతాయి. నాలుగు తలుపుల ఫ్రిజ్‌లు రెండున్నాయి, చాలడం లేదు. ఒకాయన 8×8 కోల్డ్ రూమ్ చాలంటున్నాడు. ఇంకొకాయన 10×10 తీసుకోకపోతే ఆరు నెలలకే ఇరుకైపోతుందంటున్నాడు. ఎవరి మాట వినాలి?
— మెస్ యజమాని, మారతహళ్ళి

ఇద్దరూ మీ వంటింట్లోకి తొంగి చూడకుండానే చెప్పినట్టున్నారు. ముందు క్రేట్ల లెక్క వేద్దాం.

కూరగాయల మార్కెట్లో దొరికే మామూలు ప్లాస్టిక్ క్రేటు 600 మి.మీ. పొడవు, 400 వెడల్పు, 300 ఎత్తు ఉంటుంది. 8×8 గది అంటే బయటి కొలత. 80 మి.మీ. ప్యానెల్ (రెండు రేకుల మధ్య ‘పఫ్’ అనే ఫోమ్ నింపిన గోడ పలక) అయితే లోపల మిగిలేది సుమారు ఏడున్నర అడుగులు, అంటే 2,280 మి.మీ. రెండు పక్కలా ర్యాకులు, మధ్యలో నడిచే దారి. క్రేటు పొడుగువైపు గోడవెంట పెడితే ఒక అరలో 3 పడతాయి. నాలుగు అరలు, రెండు పక్కలు కలిపి 24. అదే క్రేటును తిప్పి, 400 వైపు గోడవెంట వచ్చేలా 600 లోతు ర్యాకు వేయిస్తే అరకు 5 చొప్పున మొత్తం 40. గోడకు రెండంగుళాలు వదిలినా మధ్యలో మూడడుగుల పైన దారి ఉంటుంది, మనిషి క్రేటుతో తిరగొచ్చు. గది అదే, డబ్బు అదే, ర్యాకు లోతు మారిందంతే. చాలామంది 18 అంగుళాల రెడీమేడ్ ర్యాకులు కొని ఈ తేడా పోగొట్టుకుంటారు.

బ్లోయర్ (గది లోపల చల్లగాలి విసిరే పెట్టె) కింద పై అర వాడలేరు కాబట్టి 40 లో నాలుగైదు తీసేయండి. 35 అనుకుందాం. మీ స్థాయి మెస్‌కు రెండు రోజుల కూరగాయలు, ఆకుకూరలు 10 క్రేట్లు, పాలు పెరుగు 4, దోసెల పిండి 3, చికెన్ మటన్ 3, తరిగిన ముక్కలు, గ్రేవీలు, పులుసులు 6, చిల్లర సరుకు 4. మొత్తం 30. అంటే 8×8 సరిపోతుంది. రోజూ మార్కెట్‌కు వెళ్ళే అలవాటుంటే ఇంకా ఖాళీ ఉంటుంది. భోజనాలు 500 దాటే ఆలోచన ఉంటే 10×8 తీసుకోండి. 10×10 చేస్తే రెండు పక్కల ర్యాకుల మధ్య దారి వెడల్పవుతుందే తప్ప చోటు ఆ మేరకు పెరగదు.

ఇప్పుడు చల్లదనం లెక్క. ఇక్కడే కొటేషన్లు తప్పుదారి పట్టిస్తాయి. గోడల్లోంచి లోపలికి వచ్చే వేడి చాలా తక్కువ. 80 మి.మీ. పఫ్ ప్యానెల్‌తో కట్టిన 8×8×8 గదికి, బయట 35 డిగ్రీలు, లోపల 3 డిగ్రీలు ఉంటే సుమారు 330 వాట్లు మాత్రమే. సరుకు తెచ్చే వేడి అంతకు రెండు మూడింతలు. రోజుకు 200 కిలోల సరుకు 30 డిగ్రీల మీద వచ్చి ఆరు గంటల్లో 4 డిగ్రీలకు దిగాలంటే ఆ ఆరు గంటలూ 900 వాట్ల చొప్పున వేడి లాగాలి. భోజనాల వేళ తలుపు పదే పదే తీయడం వల్ల ఇంకో 500, 600. ఫ్యాన్లు, లైటు, లోపల తిరిగే మనిషి కలిపి 200. మొత్తం 2 కిలోవాట్లు. పైన కాస్త ఉంచుకుని 2.5 కిలోవాట్లు, అంటే ముప్పావు టన్నుకు కొంచెం తక్కువ, అడగాలి.

‘హార్స్ పవర్’ చెప్పి ఊరుకుంటే ఒప్పుకోకండి. అది కంప్రెసర్ మోటారు సైజు, చల్లదనం కొలత కాదు. అదే కంప్రెసర్, కాయిల్ (బ్లోయర్‌లోని చల్లటి గొట్టాల చుట్ట) మైనస్ 5 డిగ్రీల దగ్గర నడిచినప్పుడు ఇచ్చేదాంట్లో, మైనస్ 25 దగ్గర సగం కూడా ఇవ్వదు. బయటి ఎండ పెరిగినకొద్దీ కూడా తగ్గుతుంది. కాబట్టి కొటేషన్ మీద ఈ వాక్యం రాయించుకోండి: బయట 40 డిగ్రీలున్నప్పుడు, రోజుకు 200 కిలోల సరుకు 30 డిగ్రీల మీద లోపలికి వస్తే, ఆరు గంటల్లో సరుకు మధ్యలో 4 డిగ్రీలు రావాలి. ‘గది 2 నుంచి 5 డిగ్రీలు’ అని మాత్రమే రాస్తే అది ఖాళీ గదికి వర్తించే మాట. ఖాళీ గదిని ఎవరైనా చల్లబరుస్తారు.

ప్యానెల్ విషయం. చిల్లర్‌కు, అంటే సరుకును గడ్డకట్టించకుండా చల్లగా మాత్రమే ఉంచే గదికి, 60 మి.మీ. నడుస్తుంది, 80 మేలు. పైన చెప్పిన గదికి ఈ రెంటి మధ్య తేడా 100 వాట్ల వేడి, కరెంటులో ఏడాదికి 400 యూనిట్ల పైమాట. ఫోమ్ సాంద్రత ఘనపు మీటరుకు 40 కిలోలు ఉండాలి. అంతకన్నా తేలికైతే నాలుగేళ్ళకు ప్యానెల్ కుంగి, జాయింట్లు విడతాయి. జాయింట్లు క్యామ్ లాక్ (తాళంతో తిప్పి బిగించే కొక్కెం) రకం అయితే మీరు బిల్డింగ్ మారినప్పుడు విప్పి పట్టుకుపోవచ్చు. అద్దె భవనంలో ఉన్నవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

నేల ప్యానెల్ వద్దని, డబ్బు మిగులుతుందని కొందరు చెబుతారు. మీ వంటిల్లు మొదటి అంతస్తులో ఉంటే అస్సలు వినకండి. స్లాబు చల్లబడి కింద షాపువాళ్ళ సీలింగుకు చెమట పడుతుంది, ఆ గొడవ మీ మెడకు చుట్టుకుంటుంది. నేల ప్యానెల్ పైన గళ్ళ అల్యూమినియం రేకు, దానికింద ప్లైవుడ్ వేయించండి. లేకపోతే బరువు క్రేట్లు ఈడ్చినచోట రేకు నొక్కుకుపోతుంది. గుమ్మం దగ్గర ర్యాంపు వస్తుంది, దానికి బయట రెండు మూడడుగుల స్థలం వదలాలి. గది పైకప్పుకూ స్లాబుకూ మధ్య కనీసం అడుగు ఖాళీ ఉండాలి. గాలి ఆడకపోతే కప్పు మీద చెమ్మ చేరుతుంది.

అన్నిటికన్నా మెస్‌లలో ఎక్కువగా చెడేది అవుట్‌డోర్ యూనిట్ పెట్టే చోటు. వంటింటి చిమ్నీ గొట్టం ఎటు తిరిగి ఉందో చూసి, దానికి దూరంగా పెట్టండి. తాలింపు పొగలోని నూనె కండెన్సర్ (అవుట్‌డోర్ యూనిట్‌లో వేడిని బయటికి వదిలే కాయిల్) రేకుల మీద జిడ్డులా పట్టి, దానికి దుమ్ము అంటుకుని నల్లటి మందపు పొర అవుతుంది. అప్పుడు గ్యాస్ ప్రెషర్ పెరుగుతుంది, కరెంటు ఎక్కువ తింటుంది, చివరికి మే నెలలో ఒక మధ్యాహ్నం హై ప్రెషర్ కటౌట్ (ప్రెషర్ మితిమీరితే మెషిన్‌ను ఆపేసే స్విచ్) పడిపోతుంది. ‘కంప్రెసర్ పోయింది’ అని పిలిపిస్తే, కాయిల్ క్లీనర్ కొట్టి నీళ్ళతో కడిగేసరికి మళ్ళీ నడిచిన గదులు ఎన్నో. నెలకోసారి కడిగించండి. ప్రెషర్ పంపు వద్దు, రేకులు వంగిపోతాయి. గోడకు అడుగు దూరం, గాలి బయటికి పోయేవైపు మూడడుగులు ఖాళీ.

ప్రశ్న: రాత్రి మిగిలిన సాంబారు, పులుసు గిన్నెలతో సహా కోల్డ్ రూమ్‌లో పెట్టేస్తున్నాం. అంత పెద్ద మెషిన్ కదా, ఆగదా?
— కేటరింగ్ చేసే పాఠకురాలు, బొమ్మనహళ్ళి

ఆగదండీ. 100 లీటర్ల సాంబారు 60 డిగ్రీల నుంచి 5 కు రావాలంటే దాన్లోంచి సుమారు 6 యూనిట్ల (కిలోవాట్-గంటల) వేడి తీయాలి. రెండు గంటల్లో తీయాలంటే 3 కిలోవాట్లు. 8×8 గది మెషిన్ మొత్తం శక్తే 2.5. అంటే అది సాంబారు వెనకే పరుగెడుతుంటే పక్కనున్న పాలు, పెరుగు వేడెక్కుతాయి. ఆవిరి వెళ్ళి కాయిల్ మీద మంచుగా పేరుకుంటుంది, తెల్లారేసరికి బ్లోయర్ గాలి విసరడం మానేస్తుంది. వండిన పదార్థం రెండు గంటల్లో 60 నుంచి 21 డిగ్రీలకు, ఇంకో రెండు గంటల్లో 5 కు దిగాలన్నది ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) కేటరింగ్ తనిఖీ పట్టికలోనే ఉంది. లోతు గిన్నెలో అది కుదిరే పని కాదు, మధ్యలోని సాంబారు పొద్దున్నకీ గోరువెచ్చగానే ఉంటుంది.

రెండంగుళాల లోతుకు మించకుండా వెడల్పు స్టీలు ట్రేల్లో పోయండి. లేదా గిన్నెను ఐసు నీళ్ళ తొట్టిలో దింపి పావుగంటకోసారి కలపండి. 20 డిగ్రీల దగ్గరికి వచ్చాకే గదిలోకి. రోజూ ఇంత పరిమాణం ఉంటే బ్లాస్ట్ చిల్లర్ (వేడి వంటను త్వరగా చల్లార్చే మెషిన్) విడిగా కొనడమే సరైన పని. పెద్ద కోల్డ్ రూమ్ కొంటే ఈ సమస్య తీరదు, దాని పని చల్లగా ఉంచడం వరకే.

ప్రశ్న: ఇడ్లీ, దోసె పిండి ప్యాకెట్లు చేసి కిరాణా షాపులకు వేస్తున్నాం, రోజుకు 300 కిలోలు. కొత్తగా కట్టిన కోల్డ్ రూమ్ డిస్‌ప్లేలో 4 డిగ్రీలే చూపిస్తుంది. అయినా కొన్ని ప్యాకెట్లు ఉబ్బి తిరిగొస్తున్నాయి. అన్నీ కాదు, కొన్నే. మెషిన్ లోపమా?
— పిండి వ్యాపారి, కె.ఆర్.పురం

‘కొన్నే’ అన్నారే, జవాబు అందులోనే ఉంది. డిస్‌ప్లే చూపించేది బ్లోయర్ దగ్గరికి తిరిగొచ్చే గాలి వేడి. ప్యాకెట్ మధ్యలో ఎంతుందో దానికి తెలియదు.

రుబ్బిన పిండి 30 డిగ్రీల పైనే బయటికి వస్తుంది. కిలో ప్యాకెట్లను క్రేటులో ఖాళీ లేకుండా 20 నింపితే అది 20 కిలోల ఒకే ముద్దతో సమానం. మందం రెండింతలైతే మధ్య వరకు చల్లబడే సమయం దాదాపు నాలుగింతలవుతుంది. క్రేటు అంచునున్న ప్యాకెట్లు రెండు మూడు గంటల్లో దిగిపోతాయి, నడిమధ్యవి రాత్రంతా 15 డిగ్రీల పైనే ఉండిపోవచ్చు. అక్కడ పులియబెట్టే బాక్టీరియా ఆపకుండా పనిచేసి గ్యాసు విడుస్తుంటాయి. ఆ పనికి కాస్త వేడి కూడా పుడుతుంది. మీకు తిరిగొస్తున్నవి ఆ మధ్య ప్యాకెట్లే అయి ఉంటాయి.

ఒకసారి ఇలా చూడండి. సూది థర్మామీటర్ తీసుకుని, ఒక ప్యాకెట్ నష్టపోయినా పర్లేదనుకుని, మధ్య వరసలో ఉన్న క్రేటులో మధ్య ప్యాకెట్‌కు గుచ్చి వదిలేయండి. లోపల పెట్టినప్పుడు, రెండు గంటలకు, నాలుగు గంటలకు, ఎనిమిది గంటలకు రాసుకోండి. అంచు ప్యాకెట్‌కు ఇంకొకటి. ఎనిమిది గంటలకు రెంటి మధ్య ఐదు డిగ్రీల తేడా ఉందంటే మీ సమస్య మెషిన్‌ది కాదు, సర్దుబాటుది.

పక్కలా కిందా చిల్లులున్న క్రేట్లే వాడండి, మూసిన క్రేట్లు పాలకు పనికొస్తాయి కానీ దీనికి కావు. ప్యాకెట్లను నిలువుగా, వేలు దూరేంత సందుతో, ఒకే వరసగా. క్రేటుకు 10, 12 కంటే ఎక్కువ వద్దు. తొలి ఆరు గంటలు క్రేట్ల దొంతరల మధ్య మూడు నాలుగంగుళాలు వదలండి. చల్లబడ్డాక కావాలంటే దగ్గరికి జరుపుకోవచ్చు. బ్లోయర్ ఎదురుగా కొత్త సరుకు పెట్టండి, కానీ దాని వెనక గాలి పీల్చుకునే వైపు అడ్డం రాకూడదు. అన్నిటికన్నా చవకైన పని, రుబ్బేటప్పుడు చల్లటి నీళ్ళు వాడడం. నీళ్ళలో కొంత ఐసు వేస్తే పిండి 30 కి బదులు 22, 23 డిగ్రీల మీద దిగుతుంది. కోల్డ్ రూమ్ పని మూడో వంతు తగ్గుతుంది, పైగా మొదటి గంటల్లోనే పులుపు నెమ్మదిస్తుంది. ఐసు ఎక్కడిదో జాగ్రత్త, తాగేనీళ్ళతో చేసిందే కావాలి.

ఇంత చేసినా దిగకపోతే అప్పుడు మెషిన్ లెక్క చూడాలి. 300 కిలోలు నాలుగు గంటల్లో 30 నుంచి 5 కు రావాలంటే సరుకుకే 1.7 కిలోవాట్లు పోతాయి. గోడలు, తలుపు కలిపితే 2.5 దాటుతుంది. మీకు అమ్మినాయన ఇంత లెక్క వేశాడేమో అడగండి. వేయకపోతే రెండో యూనిట్ పెట్టించుకోవడం మంచిది. పెద్ద యూనిట్ ఒకటి కంటే చిన్నవి రెండు మేలు, ఒకటి ఆగిపోయినా సరుకు పోదు.

ప్రశ్న: తిరువాన్మియూర్‌లో మసాలా పట్టించిన చేపలు, రొయ్యలు, చికెన్ ప్యాక్ చేసి అమ్ముతున్నాం. ఒకే గదిని కావలసినప్పుడు చిల్లర్‌గా, కావలసినప్పుడు ఫ్రీజర్‌గా మార్చుకునేలా కట్టిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
— పాఠకుడు, చెన్నై

వద్దు. రెండింటికీ కాయిల్, డీఫ్రాస్ట్ (కాయిల్ మీది మంచును కరిగించే ఏర్పాటు), తలుపు, ప్యానెల్ మందం, కంప్రెసర్ అన్నీ వేరు. మార్చుకునే గదిలో రెండు పనులూ అరకొరగానే అవుతాయి. స్థలం తక్కువైతే ఒకే పెట్టెను మధ్యలో ప్యానెల్‌తో చీల్చి, ఫ్రీజర్ తలుపు చిల్లర్‌లోకి తెరుచుకునేలా కట్టించండి. ఫ్రీజర్ తలుపు తీసినప్పుడల్లా లోపలికి దూరేది చెన్నై ఉక్కపోత గాలి కాదు, 4 డిగ్రీల పొడిగాలి. మంచు పట్టడం చాలా తగ్గుతుంది. చిల్లర్‌కు 80 మి.మీ., ఫ్రీజర్‌కు 120 మి.మీ. ప్యానెల్.

ఇంకో సంగతి మీరు అడగలేదు కానీ చెప్పాలి. మైనస్ 18 ఫ్రీజర్ గది గడ్డకట్టిన సరుకును నిలవ ఉంచడానికి. పచ్చి సరుకును గడ్డకట్టించడానికి కాదు. 100 కిలోల చికెన్‌ను 5 డిగ్రీల నుంచి మైనస్ 18 కి తేవాలంటే 8 యూనిట్లకు పైగా వేడి తీయాలి, దాంట్లో సింహభాగం నీరు మంచుగా మారేటప్పుడు వచ్చేదే. నిలవ గది మెషిన్‌లో మిగులు శక్తి అర కిలోవాటు ఉంటే అది 16 గంటల పని. అంత నెమ్మదిగా గడ్డకడితే కండలో పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కణాలను చీలుస్తాయి. కరిగించినప్పుడు ట్రే నిండా నీళ్ళు, తింటే పీచు. రొయ్యల్లో ఇంకా బాగా తెలుస్తుంది. గడ్డకట్టించడానికి చిన్న బ్లాస్ట్ ఫ్రీజర్ విడిగా ఉండాలి.

గ్రౌండ్ ఫ్లోర్‌లో ఫ్రీజర్ కడితే నేల ప్యానెల్ నేరుగా మట్టి మీది కాంక్రీటుకు ఆనించకండి. ఏళ్ళ తరబడి చలి దిగి కింద మట్టిలో నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, నేల పగిలి తలుపు పట్టేస్తుంది. కింద గాలి ఆడేలా ఎత్తు కట్టించండి, లేదా హీటర్ తీగ వేయించండి. తలుపు చట్రం చుట్టూ హీటర్, గోడకు ప్రెషర్ రిలీఫ్ వాల్వ్, చలికి గట్టిపడని రకం పీవీసీ కర్టెన్, ఈ మూడూ కొటేషన్‌లో ఉన్నాయో లేదో చూడండి. వాల్వ్ లేకపోతే తలుపు వేసిన వెంటనే మళ్ళీ తీయబోతే రాదు. లోపలికి వెళ్ళిన వేడిగాలి చల్లబడి కుంచించుకుపోవడమే కారణం.

సముద్రం దగ్గరే ఉన్నారు. మామూలు అల్యూమినియం రేకుల కండెన్సర్‌ను ఉప్పుగాలి రెండు మూడేళ్ళలో పొడిపొడి చేస్తుంది. ఎపాక్సీ పూత ఉన్నది అడగండి, నెలకు రెండుసార్లు మంచినీళ్ళతో కడగండి. యూనిట్ శక్తిని బయట 43 డిగ్రీల దగ్గర ఎంతో చెప్పమనండి. అవుట్‌డోర్ యూనిట్‌నూ కరెంటు ప్యానెల్‌నూ స్టాండు మీద ఎత్తుగా పెట్టించండి. 2015 లోనూ 2023 లోనూ డిసెంబరు వరదలు చూసిన ఊరికి ఎంత ఎత్తో విడమరిచి చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మూతపడుతున్న ఒక బేకరీ కోల్డ్ రూమ్ సగం ధరకు ఇస్తామంటున్నారు. చూసుకోవలసినవేమిటి?
— పాఠకుడు, హొసకోట రోడ్డు

మొదట యూనిట్ మీద ప్లేటు చదవండి. చల్లబరిచే గ్యాస్ ఆర్-22 అని ఉంటే మెషిన్‌కు విలువ కట్టకండి, ప్యానెళ్ళకే కట్టండి. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం కింద మన దేశంలో ఆ గ్యాస్ వాడకం 2030 నాటికి దాదాపు ఆగిపోవాలి, 2025 నుంచి దాంతో కొత్త మెషిన్లు తయారు చేయకూడదు. ఆర్-404ఏ, ఆర్-134ఏ అయితే ఇప్పటికి ఇబ్బంది లేదు.

ప్యానెల్‌ను తూకం వేయించండి. అర మి.మీ. రేకులు రెండు వైపులా ఉన్న 80 మి.మీ. ప్యానెల్ చదరపు మీటరుకు 11 కిలోలు తూగుతుంది. 4×8 అడుగులది 33 కిలోలు రావాలి. 45 వచ్చిందంటే లోపలి ఫోమ్ నీళ్ళు తాగిందన్నమాట. పైకి మెరుస్తున్నా అది ఇక వేడిని ఆపదు, ఎండబెట్టినా ఆరదు. కింది వరస ప్యానెళ్ళూ, తలుపూ ముందు చూడండి, నీళ్ళు దిగేది అక్కడే. క్యామ్ లాక్‌లలో ఎన్ని తిరుగుతున్నాయో తాళంతో తిప్పి చూడండి. విప్పకముందే, గది నడుస్తుండగానే వెళ్ళి చూడడం ముఖ్యం. కంప్రెసర్ ఎన్ని ఆంపియర్లు లాగుతోంది, ప్లేటు మీద ఎంతుంది, 30 డిగ్రీల నుంచి 4 కు రావడానికి ఖాళీ గదికి ఎంతసేపు పట్టింది? విప్పేశాక వీటిల్లో దేన్నీ తేల్చుకోలేరు.

మళ్ళీ బిగించేటప్పుడు పైపులు కొత్తవి వేయించండి. నైట్రోజన్ నింపి ఒక రాత్రంతా ప్రెషర్ నిలుస్తుందో చూడాలి, తర్వాత పైపుల్లో గాలి, తేమ పోయేలా పంపుతో లాగితే వాక్యూమ్ గేజి 500 మైక్రాన్లకు దిగాలి. ‘పది నిమిషాలు పంపు వేశాం సార్, చాలు’ అంటే గేజి చూపించమనండి.

ప్రశ్న: బ్లోయర్ మీద మంచు గడ్డలు కడుతోంది. మెకానిక్ వచ్చినప్పుడల్లా గ్యాస్ అయిపోయిందని నింపి వెళ్తున్నాడు.
— కర్రీ పాయింట్, బీటీఎం లేఅవుట్

గ్యాస్ అయిపోయేది కాదు, కారిపోయేది. లీకు ఎక్కడో కనుక్కోకుండా నింపడమంటే నెలనెలా కప్పం కట్టడమే. ఐతే మీ సమస్య అసలు గ్యాసేనా అన్నది మంచు చూస్తే చాలావరకు తెలుస్తుంది. కాయిల్‌కు గ్యాస్ దూరే చివర మాత్రమే మంచు పట్టి మిగతాది పొడిగా ఉంటే గ్యాస్ తక్కువ. కాయిల్ అంతా ఒకే తీరున మెత్తటి మంచు కప్పితే డీఫ్రాస్ట్ పనిచేయడం లేదు, లేదా తలుపులోంచి తేమ వస్తోంది. కింద ట్రేలో గడ్డ కడితే డ్రెయిన్ మూసుకుంది. తలుపు దగ్గర కప్పు మీద మంచు ఉంటే రబ్బరు చిరిగింది. రబ్బరుకూ చట్రానికీ మధ్య ఒక కాగితం పెట్టి తలుపు మూయండి, లాగితే జారివచ్చిన చోట గాలి దూరుతున్నట్టే.

ప్రశ్న: వంకాయలు రెండు రోజులకే గోధుమరంగుకు తిరుగుతున్నాయి, బెండకాయల మీద మచ్చలు. 3 డిగ్రీలు పెట్టాం, ఇంకా తగ్గించాలా?
— మెస్ నిర్వాహకురాలు, వైట్‌ఫీల్డ్

తగ్గిస్తే ఇంకా పాడవుతాయి. వాటికి చలి దెబ్బ తగులుతోంది. వంకాయ, బెండ, దోస, పచ్చిమిర్చికి 8 నుంచి 12 డిగ్రీలు కావాలి, అరటికి 13. గోంగూర, కొత్తిమీర, క్యారెట్, క్యాబేజీలకు 0 నుంచి 4. రెండు రకాలకూ ఒకే గది కుదరదు. మీ పాత ఫ్రిజ్‌లలో ఒకదాన్ని 10 డిగ్రీలకు పెట్టి మొదటి జాబితాకు కేటాయించండి. బెంగళూరులో ఒకటి రెండు రోజులకైతే నీడపట్టున గాలి తగిలే చోటు చాలు. ఆకుకూరలు వాడుతున్నాయంటే కాయిల్ చిన్నదని అర్థం. చిన్న కాయిల్ మరీ చల్లబడి గాలిలో తడంతా పీల్చేస్తుంది. గది వేడికీ కాయిల్ వేడికీ తేడా 5, 6 డిగ్రీలకు మించని పెద్ద కాయిల్ అడగాలి.

ప్రశ్న: త్రీ ఫేజ్ తప్పనిసరా? జనరేటర్ ఎంతది కావాలి?
— పాఠకుడు, హెబ్బాళ్

2 హార్స్ పవర్ దాకా సింగిల్ ఫేజ్‌లో దొరుకుతాయి, ఆపైన ఎక్కువగా త్రీ ఫేజే. ముందు మీ బెస్కాం (బెంగళూరు విద్యుత్ సంస్థ) బిల్లు మీద మంజూరైన లోడు ఎంతో చూసుకోండి. గ్రైండర్లు, మిక్సీలు, గీజర్‌తోనే అది నిండి ఉంటే అదనపు లోడుకు దరఖాస్తు పెట్టాకే గది ఆర్డరివ్వండి. స్టార్ట్ అయ్యే క్షణంలో కంప్రెసర్ మామూలు కంటే ఐదారింతలు ఆంపియర్లు లాగుతుంది. 2 కిలోవాట్ల కరెంటు లాగే యూనిట్‌కు 5 కేవీఏ జనరేటర్ కంటే తక్కువ వద్దు, అదీ గ్రైండర్ అదే క్షణంలో ఎక్కకపోతేనే. ఆగిన కంప్రెసర్‌ను వెంటనే ఎక్కనివ్వని మూడు నిమిషాల డిలే టైమర్, త్రీ ఫేజ్‌లో ఒక ఫేజ్ పోతే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టించండి. స్క్రోల్ రకం కంప్రెసర్ (ఒకే దిశలో తిరగాల్సినది) అయితే ఫేజ్ తారుమారు కాకుండా రిలే కూడా. ఫేజ్ మారితే అది తిరగబడి గరగరమంటుంది, చల్లబరచదు. రోజుకు 16 గంటలు నడిస్తే నెలకు వెయ్యి యూనిట్ల దరిదాపుల్లో ఉంటుంది, బిల్లుకు సిద్ధపడండి.

ప్రశ్న: రాత్రి కోల్డ్ రూమ్‌కు బయట తాళం వేస్తాం. లోపల ఎవరైనా ఉండిపోతే?
— పాఠకురాలు, ఇందిరానగర్

బయట తాళం పడినా లోపల్నుంచి నొక్కితే తెరుచుకునే హ్యాండిల్ ఉంటుంది. అది లేని తలుపు ఎంత చవకైనా కొనకండి. చీకట్లో మెరిసే రకం తీసుకోండి. గది అప్పగించే రోజు బయట మనిషిని నిలబెట్టి, తాళం వేయించి, లైటు ఆర్పి, లోపల్నుంచి మీరే తెరిచి చూడండి. తర్వాత వారానికోసారి చూడాలి, ఫ్రీజర్‌లో ఆ హ్యాండిల్ మంచుకు బిగుసుకుపోతుంటుంది. లోపల నడుం ఎత్తులో ఒక బెల్ నొక్కుడు పెట్టి వంటింట్లో మోగేలా తీగ లాగించండి. దాన్ని ఇన్వర్టర్ లైనుకు కలపండి, కరెంటు పోయినప్పుడు మోగకపోతే అది ఉండీ లేనట్టే.